వాడవాడకు నిస్తంత్రి

మన సీమలో చెరువునకు యజమాని ఒక్కడుండడు. కట్ట ఎవరు పోయించినను, తూము తెరచిన పిమ్మట నీరు పై మడినుండి క్రింది మడికి వంతుల చొప్పున పారవలసినదే. ఆ వంతులు తప్పకుండ చూచుటకు ఊరు నీరుగంటిని నియమించుకొన్నది. వానలకు ముందు కాలువలోని పూడిక తీయుటకు ఇంటికొక మనిషి రావలెనను కట్టుబాటును మన పెద్దలే యేర్పరచిరి. ఒక్కని శక్తికి మించిన పనిని పదిమంది పంచుకొని చేసికొనుట మనకు ఇతరులు నేర్పవలసిన విద్య కాదు. నేడు మేము పాఠకుల యెదుట నుంచదలచిన విషయము నీటిని గూర్చినది కాదు. గాలిలో సాగు వార్తను గూర్చినది. ఐనను దానికి వర్తించు న్యాయము చెరువు న్యాయమే.

విషయమిది. ఇంటర్నెట్టు అను మహాప్రవాహమును మోసికొనివచ్చు గాజుతీగ నేడు కడప పట్టణములో అనేక వీధుల మొగదలకు వచ్చియున్నది. గ్రామములకును పంచాయతీ కార్యాలయము వరకు ఈ తీగను చేర్పవలెనని కేంద్రప్రభుత్వము 2011లోనే సంకల్పించి, ఆ పథకమునకు తరువాత భారత్‌నెట్ అని పేరిడినది. మన రాష్ట్రములో విద్యుత్ స్తంభముల మీదుగా తీగను లాగి, ఇంటింటికి తక్కువ వెలకు సౌకర్యము నిత్తుమని ఫైబర్‌నెట్ పథకమును 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ ప్రారంభించిరి. ఇన్ని జరిగినను, వీధి మొగదల నున్నది వీధి చివరకు పోవుట లేదు. పంచాయతీ గదిలో నున్నది పాలెమునకు చేరుట లేదు. ఈ చివరి అరమైలు దూరమును దాటించుటకు తీగ అక్కర లేదు, నిస్తంత్రియే చాలును, దానిని పదియిండ్లవారు కలసి నడుపుకొనవచ్చును, నడుపుకొనవలెను. ఇదియే మా వాదము.

కాలువ యున్నది, పిల్లకాలువ లేదు

కర్నూలు కడప కాలువ చరిత్రను మన రైతులెరుగుదురు. 1860వ దశకములో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ యను ఆంగ్లసంస్థ లాభాపేక్షతో దానిని త్రవ్వించెను. పెట్టుబడి పెద్దది, కాలువ పొడవైనది, అందు పడవలు గూడ నడచెను. ఐనను ఆశించిన ఆదాయము రాలేదు. కంపెనీ నష్టములలో మునుగగా, తుదకు 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసి వచ్చెను. పెద్దకాలువ ఎంత ఘనమైనదైనను, దానినుండి పొలము గట్టు వరకు పిల్లకాలువయు, దానిని బాగుచేసికొను రైతుల కూటమియు లేనిచో నీరు పైరునకు అందదు. గాజుతీగకును ఇదే న్యాయము వర్తించును. ప్రభుత్వములు, కంపెనీలు పెద్దకాలువను త్రవ్వగలవు. పిల్లకాలువ పని వాడలోనివారిదే.

ఈ సౌకర్యము పట్టణవాసుల విలాసమని తలచువారు నేటికిని కొందరు కలరు. వారు కొంచెము విచారింపవలెను. అడంగలు, 1బి మొదలగు భూమి లెక్కలు నేడు ఇంటర్నెట్టు ద్వారా చూచుకొనవలసినవి. పంట నమోదు, బీమా, సబ్సిడీ, అన్నియు ఆ మార్గముననే సాగుచున్నవి. కడప మార్కెట్టులో పసుపు ధర ఎట్లున్నదో బండి కట్టకముందే తెలిసికొన్న రైతు దళారి మాటకు లోబడడు. 2020లో మహమ్మారి వలన బడులు మూతపడినపుడు పాఠములన్నియు చేతిలోని ఫోనునకు వచ్చెను. ఒక్క ఫోను గల ఇంట ముగ్గురు పిల్లలున్నచో ఎవరి చదువు ఆగవలెనో తల్లి నిర్ణయింపవలసి వచ్చెను. ఆ నిర్ణయములో ఆడపిల్లకే నష్టము కలిగెనని వేరుగ చెప్పనక్కరలేదు. ఇది విలాసము కాదు; సాగునకు, చదువునకు, హక్కునకు సంబంధించిన విషయము.

వినుటకు మాత్రమే నేర్చితిమి

నిస్తంత్రి మన దేశమునకు క్రొత్త కాదు. మద్రాసు ఆకాశవాణి 1938 జూన్ 16న, బెజవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న మొదలైనవి. రాయలసీమకు కడప కేంద్రము 1963లో వచ్చినది. మన యాస, మన పంటలు, మన పాటలు తొలిసారిగా మన ఊరి గాలిలో వినబడినది అప్పుడే. ఒక్క రేడియో పెట్టె చుట్టును వాడ యంతయు చేరి వినిన దినములను పెద్దలు మరువరు. పంచాయతీ కార్యాలయపు గోడకు కట్టిన గొట్టమునుండి వ్యవసాయ విశేషములు వినిన తరువాతనే సాయంకాలపు చర్చలు మొదలయ్యెడివి. 1956లో పూనా ప్రాంతమున 150 గ్రామములలో రైతులను కూర్చుండబెట్టి, రేడియో వినిపించి, విన్నదానిని గూర్చి చర్చింపజేసిన ప్రయోగము యునెస్కో సాయముతో జరిగినది. వినుట కంటె వినిన పిమ్మట కలసి చర్చించుటయే ఎక్కువ మేలు చేసినదని ఆ ప్రయోగము తేల్చెను.

కాని ఈ యేర్పాటులో ఒక లోపముండెను. మాట ఒక వైపునుండియే వచ్చెడిది. వినువారు లక్షలమంది, చెప్పువాడు ఒక్కడు. పైగా వినుటకును రుసుము చెల్లించి తపాలా కార్యాలయములో లైసెన్సు పొందవలసిన కాలమది. గాలిలో మాటను విడుచుట సర్కారు హక్కు, దానిని వినుట ప్రజల భాగ్యము అనునట్లుండెను. ఈ హక్కునకు మూలమైన టెలిగ్రాఫు చట్టము 1885 నాటిది. నిస్తంత్రీ చట్టము 1933 నాటిది. రెండును పరప్రభుత్వము తన భద్రతకై చేసికొన్నవి. 1942లో క్విట్ ఇండియా సమయమున ఉషా మెహతా, ఆమె సహచరులు బొంబాయిలో రహస్యముగా కాంగ్రెస్ రేడియోను నడపినపుడు, దానిని వెదకి పట్టుకొని, వారిని చెరలో నుంచినది ఆ ప్రభుత్వమే. పరప్రభుత్వము పోయినను చట్టములు మాత్రము పోలేదు. 1885 నాటి చట్టము స్థానమున క్రొత్తదానిని మన పార్లమెంటు 2023లో గాని చేయలేదు.

ఓర్వకల్లు చెప్పిన పాఠము

ఈ పాత చట్టముల బరువు ఎంతటిదో మన పొరుగుననే, కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 2002, 2003 సంవత్సరములలో కనబడినది. అచ్చటి పొదుపు సంఘముల స్త్రీలు రూపాయి రూపాయి కూడబెట్టుకొని, అప్పుల ఊబినుండి కుటుంబములను పైకి లాగికొనిన ఖ్యాతి గలవారు. వారు 2002లో ‘మన రేడియో’ యను పేరుతో ఒక చిన్న ప్రసార యంత్రమును నెలకొల్పిరి. ఆ యంత్రపు శక్తి మిక్కిలి స్వల్పము. దాని మాట ఊరి పొలిమేరను దాటునది కాదు. ఊరివారు తమ మాటలను తమకే చెప్పుకొనుటకు అది చాలును. పెద్ద చదువులు లేని స్త్రీలు మైకు ముందు కూర్చుండి తమ సంగతులను తమ భాషలో చెప్పిరి. సాయంకాలము ఊరు వినెను.

2003లో అధికారులు వచ్చి, లైసెన్సు లేదను కారణముతో యంత్రమును తీసికొని పోయిరి. చట్టప్రకారము వారు చేసినది తప్పు కాకపోవచ్చును. కాని ఆ చట్టమే న్యాయమైనదా యని అడుగుట మన విధి. గ్రామస్త్రీలకు అట్టి లైసెన్సును పొందు మార్గమే నాడు లేదు. చదువుల సంస్థలకు మాత్రమే సాముదాయిక రేడియో నడుపుటకు 2002 చివర అనుమతి దొరకినది. పొదుపు సంఘములకు కాదు. దాని కేడు సంవత్సరములకు ముందు, 1995 ఫిబ్రవరిలో, క్రికెట్టు ఆటల ప్రసారమును గూర్చిన వ్యాజ్యములో మన సుప్రీంకోర్టు గాలితరంగములు ప్రజల ఆస్తియని స్పష్టముగా తీర్పు చెప్పియుండెను. ఆస్తి ప్రజలదే, దానిని ముట్టిన ప్రజల యంత్రమే జప్తయ్యెను! అదే ఓర్వకల్లులో 2021లో విమానాశ్రయము తెరవబడినది. ఆకాశమున విమానమునకు దారి దొరకిన ఊరిలో, ఆ ఊరి స్త్రీల మాటకు మాత్రము పదునెనిమిదేండ్లకు పూర్వము దారి దొరకలేదు.

ఐనను వారి ప్రయత్నము వృథా కాలేదు. సాముదాయిక రేడియో కావలెనని కోరువారు దేశమంతట ఆ జప్తును దృష్టాంతముగా చూపిరి. 2006 నవంబరులో ప్రభుత్వము నియమములను మార్చి, స్వచ్ఛంద సంస్థలకును అనుమతి నిచ్చెను. 2008 అక్టోబరులో జహీరాబాదు సమీపమున మాచునూరులో దళిత స్త్రీలు నడపు సంగం రేడియో మొదలైనది. ఓర్వకల్లులో ఆపబడిన మాట జహీరాబాదులో వెలువడినది. హక్కు కొరకు ఒక ఊరు నష్టపడిన పిమ్మట మరియొక ఊరు దానిని అనుభవించుట మన దేశచరిత్రలో క్రొత్త కాదు.

ఇప్పుడు ద్వారము తెరచియున్నది

రేడియో ప్రసారమునకు లైసెన్సు కావలెను. కాని వాడలో ఇంటర్నెట్టును పంచుకొనుటకు వాడు వైఫై తరంగములకు నేడు లైసెన్సు అక్కరలేదు. 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్‌జుల తరంగములను, 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్‌జుల తరంగములలో విశాలమైన భాగమును కేంద్రప్రభుత్వము లైసెన్సు నుండి విముక్తము చేసినది. నిర్ణయించిన శక్తికి లోబడి, ఆమోదము పొందిన పరికరములతో ఎవరైనను వానిని వాడుకొనవచ్చును. ఓర్వకల్లు స్త్రీలకు మూయబడిన ద్వారము, వేరొక గదికైనను, మనకు తెరవబడియున్నది. తెరచిన ద్వారము గుండా పోకుండుట మన దోషమే యగును.

2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గము పీఎం వాణి యను పథకమును ఆమోదించెను. దీని ప్రకారము కిరాణా కొట్టువాడు గాని, టీ దుకాణదారుడు గాని, సంఘము గాని తన వద్దనున్న ఇంటర్నెట్టును వైఫై ద్వారా ఇరుగుపొరుగులకు అమ్ముకొనవచ్చును. ఇందుకు లైసెన్సు లేదు, రుసుము లేదు, ప్రభుత్వమువద్ద నమోదు గూడ అక్కరలేదు. వాడుకొనువారి గుర్తింపును, లెక్కలను చూచుకొను సంస్థలు మాత్రము వేరుగ నమోదు చేసికొనవలెను. దుకాణదారుడు అట్టి సంస్థతో ఒప్పందము చేసికొనిన చాలును. చట్టబద్ధముగా వాడకు నిస్తంత్రి నిచ్చుటకు ఇంతకంటె తేలికైన మార్గము లేదు.

ఐనను పథకము కాగితముపై పారినట్లు వీధిలో పారలేదు. 2018 నాటి జాతీయ విధానము 2022 నాటికి కోటి వైఫై స్థానములను ఆశించినది; అందులో నెరవేరినది స్వల్పభాగము మాత్రమే. కారణమేమి? తీగను అమ్ము కంపెనీలు గృహస్థునకు ఒక ధర, ఇట్లు పంచుకొను చిన్న దుకాణదారునకు దానికి అనేక రెట్లు ధర చెప్పుచు వచ్చినవి. పెద్ద సంస్థలకు అమ్ము తీగనే కొనవలెనని చిన్నవానిని నిర్బంధించినవి. తుదకు 2025 జూనులో టెలికాం నియంత్రణ సంస్థ కలుగజేసికొని, గృహస్థునకు చెప్పు ధరకు రెండింతలకు మించి యడుగరాదని నిబంధన చేసినది. కాలువ గట్టున కావలియుండి పిల్లకాలువకు గండి పెట్టనీయని మనస్తత్వము కంపెనీలలో నేటికిని గలదు. ఈ నిబంధన తమకు రక్షణయని ప్రతి దుకాణదారుడును తెలిసికొని, దానిని చూపి యడుగవలెను.

పని చేయు విధము

నిస్తంత్రిని గూర్చి మనవారిలో ఒక భ్రమ గలదు. పెద్ద పెట్టెను కొని ఇంటిలో నుంచిన వాడయంతయు అందుకొనునని తలంతురు. అది జరుగదు. రేడియో కేంద్రమువలె ఇది ఒంటివైపు మాట కాదు, సంభాషణ. పెట్టె ఎంత గట్టిగా పలికినను, చేతిలోని ఫోను యొక్క సన్నని గొంతు తిరిగి పెట్టెకు వినబడవలెను. కావున గట్టిగా అరచుటకంటె దగ్గరకు చేరుటయే ఉపాయము. ఒక పెద్ద పెట్టెకు బదులు, తగిన దూరములలో నాలుగు చిన్న పెట్టెలు మేలు.

మన ఇండ్ల కట్టుబడి గూడ ఇందుకు అడ్డంకియే. రాతిగోడలు, బండలు పరచిన మిద్దెలు ఎండను ఆపినట్లే తరంగమును గూడ ఆపును. 5 గిగాహెర్ట్‌జుల తరంగము వేగమైనది, కాని గోడకు లొంగును. 2.4 గిగాహెర్ట్‌జులది మందమైనను గోడను కొంత దాటగలదు. నీటితో నిండిన ఆకులు తరంగమును మ్రింగును. వీధి నడుమ దట్టమైన చింతచెట్టున్నచో దాని కావలి ఇంటికి మాట సరిగా పోదు. అందుచేత మిద్దెపైనుండి మిద్దెపైకి, చూపునకు చూపు తగులునట్లు, 5 గిగాహెర్ట్‌జుల దిక్సూచక ఏంటెనాలతో మిద్దెలను కలుపవలెను. ఆ మిద్దెలనుండి క్రింది గదులకు 2.4 గిగాహెర్ట్‌జుల పెట్టెలతో పంచవలెను. నడుమ అడ్డము లేనిచో ఇట్టి ఏంటెనా కొన్ని మైళ్లు గూడ దాటగలదు. ఊరినుండి పాలెమునకు, పాలెమునుండి గుట్టపై నున్న తండాకు దీనినే వాడుకొనవచ్చును.

మరియొక జాగ్రత్త. ఒక పెట్టె వినినదానినే తిరిగి పలుకుచు ముందునకు పంపుటయందు ప్రతి అడుగున వేగము సుమారు సగము తరుగును. నూరు వంతులు మొదటి అడుగున యాబదియై, రెండవ అడుగున ఇరువదియైదగును. పిల్లకాలువలో నీరు ఇంకిపోయినట్లే యిది. కావున అడుగులు రెండుకు మించకుండ చూచుకొనవలెను. లేదా వినుటకు ఒకటి, పలుకుటకు ఒకటిగా రెండు రేడియోలు గల పెట్టెలను వాడవలెను. 2.4 గిగాహెర్ట్‌జులలో ఒకదానినొకటి తాకని చానెళ్లు మూడే: 1, 6, 11. ప్రక్కప్రక్కనున్న పెట్టెలు వేర్వేరు చానెళ్లలో నుండవలెను. ఒకే సంతలో పదిమంది ఒక్కసారి కేకలు వేసిన ఎవరి బేరమును సాగదు.

వ్యయము మాట. సెకనుకు 100 మెగాబిట్ల తీగ నొకదానిని ఇరువది ఇండ్లవారు పంచుకొనిరనుకొందము. అందరును ఏకకాలమున వాడినను ఇంటికి 5 మెగాబిట్లు దక్కును. పిల్లవాని పాఠపు వీడియోకు ఒకటి రెండు మెగాబిట్లు చాలును. అందరును ఒకే క్షణమున వాడుట అరుదు కనుక వాస్తవముగా అంతకంటె ఎక్కువయే దక్కును. తీగ ధరను ఇరువదిచే భాగింపుడు. ఇంటికి పడునది ఎంత స్వల్పమో మీకే తెలియును. చేతిలోని ఫోనులకు డేటా చవుకగా దొరకుచుండ ఇదంతయు ఏల యని కొందరందురు. 2016లో చవుకయైన ధరలు 2024 జూలైలో మరల పెరిగినవి. రేపు ఎంతగునో ఇచ్చువాని చిత్తము. ఇంటనున్న నాలుగు ఫోనులకు నాలుగు రీచార్జీలు చేయు కూలివాని లెక్క వేరు, ఒక్క వంతు చెల్లించువాని లెక్క వేరు. పైగా నల్లమల, లంకమల, పాలకొండల మరుగున నున్న ఊళ్లలో కంపెనీల సంకేతమే సరిగా అందదు.

వరద రాత్రి

లాభనష్టముల లెక్కకు మించినది మరియొకటి కలదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు పొంగి, పింఛా కట్ట తెగి, అన్నమయ్య జలాశయపు మట్టికట్ట కొట్టుకొనిపోయినది. రాజంపేట ప్రాంతమున పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట మొదలగు గ్రామములు నీట మునిగినవి. ఇండ్లు పోయినవి, పశువులు పోయినవి, పొలములు ఇసుకమేటలైనవి. అనేకులు ప్రాణములు కోల్పోయిరి. తగిన హెచ్చరిక తమకు సకాలమున అందలేదని గ్రామస్థులు వాపోయిరి. 1977లో దివిసీమను ముంచిన ఉప్పెన వచ్చినదియు నవంబరు 19వ తేదీననే. నలువదినాలుగేండ్ల నడుమ భూమిచుట్టును ఉపగ్రహములు తిరిగెను, ప్రతి చేతిలో ఫోను వెలసెను. ఐనను హెచ్చరిక చివరి ఇంటికి చేరుట మాత్రము నాటివలె అదృష్టాధీనముగనే యుండెను.

నిస్తంత్రి యున్నచో ఆ కట్ట నిలిచెడిదని మేమనము. కట్ట నిలుపుట ఇంజనీర్ల పని, ప్రభుత్వపు పని. దానికి వారే జవాబుదారులు. కాని కట్టకును ఊరికిని నడుమ గల కొద్ది గంటలలో, లేదా కొద్ది నిమిషములలో, ఒక మాట ఇంటింటి తలుపు తట్టగలదా యను ప్రశ్నకు జవాబు మన చేతిలోనే యున్నది. కరెంటు పోయినపుడు, టవరు మూగపోయినపుడు, వాడలోని పెట్టెలు మాత్రము తమలో తాము పలుకుకొనగలవు. ఇందుకు రెండు యేర్పాట్లు కావలెను. మొదటిది బ్యాటరీ. పెట్టె యొక్కటి సుమారు 10 వాట్లు మాత్రమే తినును. 12 వోల్టుల, 40 ఆంపియర్ గంటల బ్యాటరీలో 480 వాట్ గంటల శక్తి యుండును. అందులో సగమే వాడుకొన్నను ఒక పగలు, ఒక రాత్రి గడచును. సూర్యరశ్మి ఫలక మొకటి చేర్చినచో మన సీమ ఎండకు మరునాటి చింత లేదు. రెండవది, వాడలోనే ఒక చిన్న కంప్యూటరు. మనము నిత్యము వాడు సందేశ సాధనములు బయటి ఇంటర్నెట్టు తెగినచో పనిచేయవు. ఊరిలోని కంప్యూటరులో ఊరి సందేశములు నిలుపుకొని, దానికి గుడి మీద, మసీదు మీద, చర్చి మీద, బడి మీద నున్న మైకులను కలిపినచో, ఒక్కరు పలికిన మాట అన్ని వీధులలో ఏకకాలమున మ్రోగును. ఏండ్లు గడచినను అక్కరకు రాకపోవచ్చును. వచ్చిన రాత్రి దాని వెల కట్టలేము.

నీరుగంటి ఎవరు?

ఇట్టి పనులు సాధ్యమేనా యని సందేహించువారికి దృష్టాంతములు గలవు. స్పెయినులోని కాటలోనియాలో కంపెనీలు పల్లెలకు తీగ నీయకపోగా, 2004 ప్రాంతమున అచ్చటి గ్రామస్థులు మిద్దెనుండి మిద్దెకు తరంగములు కలుపుకొని గ్విఫి నెట్టును మొదలిడిరి; నేడది వేల కొలది స్థానములుగా విస్తరించియున్నది. మన హిమాచల ప్రదేశ్‌లో ధర్మశాల కొండలపై 2005లో ఇట్టి జాలమే వెలసినది; కోతులు ఏంటెనాలను పీకివేయుచుండ, వాటికి తగిన స్తంభములు పాతి నిలిపిరి. కొండలలో, కోతుల నడుమ నిలిచినది మన చదునైన మిద్దెలపై నిలువదా?

యంత్రముల కంటె కట్టుబాటు కష్టము. పెట్టె చెడినపుడు ఎక్కి చూచువాడెవడు? వంతు చెల్లింపనివానిని ఏమి చేయవలెను? ఒక్క ఇంట సినిమాలకై ప్రవాహమంతయు మరల్చుకొన్నచో అడ్డువాడెవడు? కావుననే మేము నీరుగంటిని స్మరించితిమి. వాడలో ఐటీఐ గాని డిప్లొమా గాని చదివి, పనికై ఎదురుచూచు యువకునో యువతినో ఎన్నుకొని, నెలకింతయని జీత మేర్పరచి, ఈ బాధ్యత నప్పగింపుడు. లెక్కల పుస్తకము నెలకొకసారి అందరియెదుట చదువబడవలెను. ఓర్వకల్లు స్త్రీల వలె పొదుపు సంఘములు నడుపుచున్న అక్కచెల్లెండ్రకు ఈ లెక్కలు మంచినీళ్లప్రాయము. వారికే ఈ కార్యమును విడుచుట మేలని మా యభిప్రాయము.

తాళము లేని తలుపును గూర్చియు జాగ్రత్త పడవలెను. 2008 జూలైలో అహమ్మదాబాదు బాంబు ప్రేలుళ్లకు ముందు దుండగులు పంపిన ఉత్తరము నవీ ముంబయిలోని ఒక గృహస్థుని కట్టుబాటు లేని వైఫై గుండా వెడలినది. ఆ గృహస్థునకు దానితో సంబంధము లేకున్నను విచారణను ఎదుర్కొనవలసి వచ్చెను. 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ వైఫైలను సంకేతపదముతో భద్రపరచవలెనని ఉత్తరువు చేసినది. కావున ఇంటికి తీసికొన్న తీగను ఒప్పందమునకు విరుద్ధముగా తెరచియుంచి పంచుట తగదు. పీఎం వాణి మార్గమున, ప్రతి వాడుకరికి వేరు గుర్తింపుతో పంచుట అందరికి క్షేమము.

తుదకు ఒక్క మాట మిద్దెలు గల పెద్దలకు. వాడలో ఎత్తైన మిద్దె మీదే. ఏంటెనాకు తగిన చోటును మీదే. పూర్వము ఊరి బావి ఏ వాడలో త్రవ్వబడినదో, ఎవరికి చేద దొరకినదో, ఎవరు దోసిలి పట్టి నిలువవలసి వచ్చినదో మనకందరకు తెలిసిన సంగతియే. అది మన సంఘమునకు తెచ్చిన అపకీర్తి నేటికిని తుడిచిపెట్టుకొని పోలేదు. ఈ క్రొత్త బావి విషయమున అదే చరిత్ర మరల నడువరాదు. మొదటి తరంగము పెద్దవీధి చుట్టును తిరిగి, మిగిలినచో దళితవాడకు పోవుననుట కుదరదు. వరద వచ్చునపుడు వాగు గట్టుననే యున్న గుడిసెలు మొదట మునుగును. మొదట హెచ్చరిక చేరవలసినదియు అచ్చటికే. చివరి ఇంటినుండి లెక్క మొదలుపెట్టి, మొదటి ఇంటికి రావలెను.

ప్రభుత్వమును మేము కోరునది స్వల్పము. పంచాయతీ గదికి వచ్చిన తీగను తాళము వేయక వాడకు విడువవలెను. బడులు, ఆసుపత్రులు, సచివాలయముల మిద్దెలపై ఏంటెనాలకు చోటీయవలెను. జలాశయముల గేట్లు తెరచు సమాచారము దిగువ గ్రామముల జాలములకు నేరుగా చేరునట్లు చేయవలెను. నియంత్రణ సంస్థ విధించిన ధరను కంపెనీలు పాటించుచున్నవో లేదో జిల్లా యంత్రాంగము కనిపెట్టవలెను. మిగిలినది ప్రజలు చేసికొందురు. కడపలో ఇరువది ఇండ్లు గల ఒక్క వీధి పూనుకొని వచ్చు వానకాలమునకు ముందు ఈ పని ముగించినచో, ప్రక్కవీధి చూచి నేర్చుకొనును. కాలువ పూడిక తీయుటకు ఇంటికొక మనిషిని పంపిన ఊళ్లు మనవి. ఈ పనికిని ఇంటికొక మనిషి వచ్చిన చాలును.